కర్త కనిపించని కాలుష్యం

1971 ఏప్రిల్‌లో ధరిత్రీ దినం నాడు అమెరికా టెలివిజన్‌లో ఒక ప్రకటన వెలువడినది. ఆదివాసి వేషంలోని ఒక వృద్ధుడు పడవ నడుపుకుంటూ వస్తాడు. పొగ కక్కే ఫ్యాక్టరీలు అతని వెనుకగా సాగిపోతాయి. ఒడ్డున దిగగానే కారులో పోయే ఎవరో విసిరిన చెత్త పొట్లం అతని పాదాల వద్ద పడుతుంది. అతని కంట ఒక నీటి బొట్టు. కాలుష్యానికి మూలం మనుషులే, దానిని ఆపగలిగినదీ వారే అన్న మాటతో ప్రకటన ముగుస్తుంది. పర్యావరణోద్యమమంటే ఇదేనని నమ్మినవారు అసంఖ్యాకులు.

దీనిని వెలువరించిన 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' 1953లో ఏర్పడినది. స్థాపకులలో డబ్బాలు, సీసాలు తయారుచేసే కంపెనీలు ఉన్నాయి. 1971లోనే ఆరెగాన్ రాష్ట్రం సీసాకు ధరావతు వసూలుచేసి, ఖాళీ సీసా తెచ్చినవారికి తిరిగి చెల్లించే చట్టం చేసింది. ఇటువంటి చట్టాలను ఆ సంస్థ పెద్దలు వ్యతిరేకించినందున 1970ల మధ్యకాలంలో కొన్ని పర్యావరణ సంఘాలు దాని సలహామండలి నుండి తప్పుకొన్నాయి. అన్నట్లు, కన్నీరు కార్చిన ఆ ఆదివాసి కూడా ఆదివాసి కాడు. ఇటలీ నుండి వలస వచ్చినవారి కుమారుడైన నటుడు. అయితే అది చిన్న మోసమే. పారవేయడానికే సీసాను తయారుచేసి లాభపడినవాడు తెరపై ఎక్కడా లేకపోవడం పెద్ద మోసం.

సరుకులోని లోపాన్ని దాచి అమ్మడాన్ని ఫిఖహ్ పండితులు 'తద్‌లీస్' అన్నారు. దానిని పట్టుకొనే బాధ్యత ముహ్తసిబ్‌ది, అనగా బజారు పర్యవేక్షకునిది. 12వ శతాబ్దికి చెందిన అల్-షైజరీ ముహ్తసిబ్‌ల కొరకు రచించిన గ్రంథంలో రొట్టెల అంగళ్ల ప్రస్తావన ఉంది. జనానికి హాని కలగకుండా అంగడి కప్పు ఎత్తుగా ఉండాలనీ, పొగ పోవడానికి విశాలమైన రంధ్రాలు ఉంచాలనీ ఆయన నిర్దేశించాడు. ఆ ఆజ్ఞ పొయ్యి రాజేసినవానికి, రొట్టె తిన్నవానికి కాదు.

రాజకీయం చిత్రించే తీరు వేరు. ప్రకటన ఉద్యమాన్ని పశ్చాత్తాపంగా కుదిస్తే, రాజకీయం దానిని దేశద్రోహంగా పెంచుతుంది. 2014లో మన దేశంలో పత్రికలకెక్కిన ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక, స్వచ్ఛంద సంస్థల ఆందోళనల వల్ల స్థూల దేశీయోత్పత్తి వృద్ధికి ఏటా 2 నుండి 3 శాతం నష్టమని లెక్కకట్టింది. కలుషితమైన నీటికి, పోయిన పంటకు ఎవరు లెక్కకట్టాలి? 2010లో శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూములను థర్మల్ కేంద్రానికి ఇవ్వరాదన్న రైతులు, మత్స్యకారులు పోలీసు కాల్పులకు గురి అయ్యారు. వారు ఏ విదేశీ సిద్ధాంతం చదివి వచ్చారు? తమ నీటి కొరకు వచ్చారు.

ఇక మన సంగతి. మన పత్రికలలో, జుమా ప్రసంగాలలో పర్యావరణమనగానే వుజూ చేసేటప్పుడు నీరు పొదుపు చేయాలన్న ఉపదేశమే వినిపిస్తుంది. ఇస్రాఫ్ నిషిద్ధమే, సందేహం లేదు. కాని అంతటితో ఆగినప్పుడు మనమూ ఆ 1971 నాటి ప్రకటననే అరబీ పదాలలో తిరిగి చెబుతున్నాము. దివ్య ఖుర్ఆన్ మానవుల చేతి సంపాదన వల్ల నేలపై, నీటిలో ప్రబలిన ఫసాద్‌ను పేర్కొన్నది. ఆ చేతులన్నీ ఒకే పరిమాణంలో లేవు. బజారులో రాళ్లు తూచిన ముహ్తసిబ్‌కు ఇది తెలుసు. మస్జిదు కుళాయి వద్ద నిలిచి ఉపదేశించే మనము, ఊరి చెరువులోకి మురుగు వదిలే ఫ్యాక్టరీ పేరును ఏ ప్రసంగంలోనైనా ఉచ్చరించామా?