ఇబ్లీసును దయ్యమని చదువుట

భద్రాచలమునుండి దుమ్ముగూడెము మీఁదుగా పర్ణశాలకు పోవు బస్సులో ఒకనాఁడు నా ముందు ఇద్దఱు వృద్ధులు కూర్చుండి యుండిరి. ఒకరు హరికథలు చెప్పుకొను దాసుగారు. రెండవవారు గాజుల మలారమును కాళ్లయొద్ద పెట్టుకొన్న సాయిబుగారు. పర్ణశాలలో సన్న్యాసి వేషముతో నున్న రావణుని బొమ్మను గూర్చి మాట వచ్చినది. మీకు సైతాను ఎట్టివాఁడో మాకు రావణుఁడట్టివాఁడని దాసుగారు స్నేహభావముతోనే యనిరి. సాయిబుగారు కొంత తడవు ఆలోచించి, “మా సైతాను బిచ్చానికి రాలేదు దాసుగారూ. మొక్కమంటే మొక్కలేదు, అంతే” యని కిటికీవైపు తిరిగిరి.

ఈ చిన్న సంభాషణలో ఎవరి మాట సరియైనదని నేను చాల దినములు తర్కించుకొంటిని. ఇద్దఱును సరిగానే చెప్పిరని నాకిప్పుడు తోఁచుచున్నది. కాని దాసుగారు తామెఱిఁగిన దానికంటె ఎక్కువ సరిగా చెప్పిరి. అది విశదపఱచుటకే యీ వ్యాసము.

ముందు మాటను గూర్చి విచారింతము. మన తెలుఁగులో సైతాను అనఁగానే దయ్యమని అర్థము చెప్పుకొనుట వాడుక. దయ్యమను పదము దైవమను పదమునుండి పుట్టినదే యైనను, నేఁటి వ్యవహారములో అది చచ్చినవాని ప్రేతము. చింతచెట్టుమీఁద నుండునది, మనుష్యులను పట్టునది, వేపమండలకు వదలునది. ముసల్మానుల గ్రంథములలోని ఇబ్లీసు చచ్చినవాఁడు కాఁడు. అతఁ డొకప్పుడు మనుష్యుఁడును కాఁడు. రాక్షసుఁడందమా, రాక్షసులకు వంశము, రాజ్యము, యుద్ధము కలవు. పోనీ, పారసీకుల అహ్రిమానువలె ఈశ్వరునితో సమానబలము గల ప్రతిదేవుఁడందమా, ఇస్లాము దానిని బొత్తిగా నొప్పదు. చిలుకూరి నారాయణరావుగారు కొరానును తెనిఁగించి యెన్నియో దశాబ్దములు గడచినను, మన కథలలోను నాటకములలోను సైతాను ఇంకను కొఱవిదయ్యపు దుస్తులతోనే తిరుగుచున్నాఁడు.

కొరానులోని కథ చిన్నది. కాని పలుచోట్ల మరల మరల వచ్చును. ఈశ్వరుఁడు మట్టితో ఆదమును చేసి, తన ప్రాణమును అతనిలో ఊఁది, దేవదూతల నందఱను అతనికి సాగిలపడుఁడని యాజ్ఞాపించెను. అందఱును సాగిలపడిరి. ఇబ్లీసు మాత్రము నిలిచి యుండెను. ఏల మ్రొక్కవని యడుగఁగా, తాను అగ్నితో చేయఁబడినవాఁడననియు, ఆదము మట్టితో చేయఁబడినవాఁడనియు, తానే యధికుఁడననియు బదులు చెప్పెను. అతఁడు జిన్నుల జాతివాఁడని యొక అధ్యాయము స్పష్టముగా చెప్పుచున్నది. జిన్నులు పొగలేని నిప్పునుండి పుట్టినవారు. వారిలో విశ్వాసులును గలరు, దుష్టులును గలరు. కావున జిన్నులందఱును దయ్యములే యనుటయు తప్పే. వెడలఁగొట్టఁబడిన యిబ్లీసు ప్రళయదినమువఱకు గడువు వేఁడెను, గడువు దొరకెను. ఆ గడువులో అతఁడు చేయఁగలిగిన దేమి? ఇది ముఖ్యము. తీర్పు దినమున అతఁడు తన్ననుసరించిన వారితో, నాకు మీపై బలమేమియు లేకుండెను, నేను పిలిచితిని, మీరు వచ్చితిరి, నన్ను దూఱక మిమ్మునే దూఱుకొనుఁడను భావము వచ్చునట్లు మాటలాడునని పదునాలుగవ అధ్యాయములో నున్నది. కొరాను తుది యధ్యాయముకూడ హృదయములలో గుసగుసలాడు వానినుండి శరణు వేఁడుటయే. పిలుచుట, గుసగుసలాడుట: ఇవియే ఇబ్లీసు సాధనములు. మెడ పట్టుకొని యీడ్చుట అతని చేతిలో లేదు.

ఇంతవఱకు పండితుల మార్గము. ఇఁక సూఫీల యొద్దకు వచ్చినచో కథ యొక వింత మలుపు తిరుగును. 922వ సంవత్సరమున బాగ్దాదులో వధింపఁబడిన హల్లాజు తన తవాసీను గ్రంథములో ఇబ్లీసునకు నోరిచ్చెను. ఇతరునకు మ్రొక్కని యేకేశ్వరభక్తుఁడు తానేయని అతఁడక్కడ వాదించును. ఆజ్ఞ వేఱు, ఈశ్వరసంకల్పము వేఱు. మ్రొక్కుమన్న మాట ఆజ్ఞ కాదు, పరీక్ష యని సీనాయి కొండచఱియపై మూసాతో చెప్పును. ప్రియుని శాపము కూడ ప్రియుని దానమే కావున దానిని శిరసావహించితినని యతని ధోరణి. ఇమాము గజాలీగారి తమ్ముఁడైన అహమ్మదు గజాలీ యీ భావమునే పెంచెను. అతని శిష్యుఁడును, 1131లో హమదానులో చంపఁబడినవాఁడును నైన ఐనుల్ కుజాతు తమ్‌హీదాతు అను గ్రంథములో మఱియొక యడుగు ముందుకు వేసి, ఇబ్లీసును ఈశ్వరసన్నిధికి ద్వారపాలకునిగా వర్ణించెను. ప్రియుని చెక్కిలి వెలుఁగు ప్రవక్తయైనచో, ఆ చెక్కిలిపై వ్రాలిన నల్లని కురులు ఇబ్లీసనెను.

ద్వారపాలకుఁడన్న మాట వినఁగానే తెలుఁగు చదువరికి పోతన భాగవతము జ్ఞప్తికి రాకమానదు. వైకుంఠద్వారమున సనకాదులను అడ్డగించి శపింపఁబడిన జయవిజయులు, దూరముగా ననేక జన్మలు భక్తులై యుండుటకంటె శత్రువులై మూఁడు జన్మలలోనే మరలి వచ్చుట మేలని కోరుకొన్నారు. ఆ మూఁటిలో నడిమిదే రావణ జన్మము. దాసుగారి మాట యిక్కడ నిజమగుచున్నది: పర్ణశాలలోని కాషాయాంబరధారియు, హమదాను గ్రంథములోని నల్లని ద్వారపాలకుఁడును ఒకే వాకిటి కావలివారివలె కనఁబడుదురు.

కాని పోలికను ఇక్కడనే ఆపివేయుట మన వేదాంతోపన్యాసకుల యలవాటు. అన్ని మతములు ఒక్కటే యని చప్పట్లు కొట్టించుకొని లేచిపోవుదురు. పోలిక ఎక్కడ తెగునో చూచినఁగాని దాని విలువ తెలియదు. జయవిజయుల శాపమునకు లెక్క యున్నది, మూఁడు జన్మలు. ఇబ్లీసు గడువు తీఱునది ప్రళయమునాఁడే, ఆపైని విడుదల కూడ లేదు. రావణుఁడు ద్వేషించినది విష్ణువును. హల్లాజు చెప్పిన ఇబ్లీసు ఈశ్వరుని క్షణమైనను ద్వేషింపలేదు. అతనికి పడనిది మనుష్యుఁడు. పోలిక తెగిన యీ చోటనే మఱియొక పోలిక, నా కన్న మొదటిదానికంటె గట్టిది, కనఁబడుచున్నది. రావణుఁడు వరములు కోరునప్పుడు దేవదానవ యక్షగంధర్వాదులచేత చావు లేకుండ కోరెను. నరవానరులను లెక్కలో చేర్చలేదు. వారు తృణప్రాయులని యతని తలంపు. ఇద్దఱును చెడినది మనుష్యుని తక్కువగా చూచుటవలననే!

జలాలుద్దీన్ రూమీ (మరణము 1273) ఈ విషయమున హల్లాజునకు పూర్తిగా తల యొగ్గలేదు. ఇబ్లీసు ఆదములోని మట్టిని చూచెను, మట్టిలోని ఊపిరిని చూడలేదు. ఒంటికంటివానివలె సగమే చూచెనని యతఁడు మరల మరల చెప్పును. అతని మస్నవీ రెండవ సంపుటములో చక్కని కథ యొకటి కలదు. నిద్రించుచున్న ముఆవియాను ఎవరో లేపిరి; చూడఁగా ఇబ్లీసు! నమాజు వేళ మించిపోవునని లేపితి ననెను. నీవు మంచికి లేపుదువా యని ముఆవియా వదలక నిలఁదీయఁగా, తుదకు నిజము చెప్పెను: నమాజు తప్పినచో నీవు పెట్టు ఆవేదనాశ్వాసము నూఱు నమాజులకంటె విలువైనదగును, అది నీకు దక్కకుండ లేపితిని. మన భూతవైద్యుల దయ్యముల కింత తెలివి యెక్కడిది? ఈ ఇబ్లీసు సత్కర్మలోపలికే దూఱి కూర్చుండఁగలవాఁడు. వేపమండ లతని నేమి చేయును?

హల్లాజు వాదమును గూర్చి నా యభిప్రాయమును దాఁచుకొనను. అది కవిత్వముగా మిక్కిలి యందమైనది, ధర్మముగా ప్రమాదకరము. ప్రేమచేత మ్రొక్కలేదని సూఫీ ఎంత చెప్పినను, కొరానులో ఇబ్లీసు స్వయముగా చెప్పిన కారణము ప్రేమ కాదు, పుట్టుక. నేను నిప్పును, అతఁడు మన్ను. ఈ మాటను ఇబ్లీసు నోటనుండి తీసి మన యూళ్లలో వినిపించినచో, అది యెవరి నోటనుండి వచ్చినదో ఎవ్వరును గుర్తుపట్టలేరు. అంతగా మన యింటి మాట యది. బావియొద్దను, పెండ్లిసంబంధములయొద్దను, దేవాలయపు మెట్లయొద్దను మనము పలుతరములుగా నిప్పుమన్నుల లెక్కలే చెప్పుకొనుచున్నాము. సర్వమానవ సమానత్వమును చెప్పు ముసల్మానుల యిండ్లలో మాత్రము అష్రాఫులు, అజ్లాఫులు అను భేదము లేదా? ఉన్నది.

ఈ భావములు ఎక్కడో పారసీక దేశమున పుట్టి అక్కడనే నిలిచిపోయినవి కావు. గుల్బర్గాలో 1422లో కన్నుమూసిన గేసూదరాజు తమ్‌హీదాతునకు వ్యాఖ్య వ్రాసెను. పదునేడవ శతాబ్దిలో మీరాంజీ ఖుదానుమా ఆ గ్రంథమునే దక్ఖినీ వచనములోనికి తెచ్చెను. గేసూదరాజు వంశీయుఁడైన షా రాజు, గోలకొండ తుది సుల్తానగు అబుల్ హసన్ తానీషాకు గురువు. ఆ తానీషా చెఱలో నున్నవాఁడే నేలకొండపల్లి గోపన్న, మన రామదాసు. తానీషా తమ్‌హీదాతు చదివెనని నే ననుటలేదు. కాని రామదాసు చరిత్రను మన యూళ్లలో చెప్పుకొను తీరును గమనింపుఁడు. అందులో సైతాను ఎవఁడు? ఖజానా ధనము గుడికి వ్యయపఱచినందుకు చెఱ విధించిన ప్రభువు కథలో రాక్షసుఁడు కావలసినది, కాలేదు. పైపెచ్చు రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలై వచ్చి పైకము చెల్లించి దర్శన మిచ్చినది తానీషాకే, రామదాసునకు కాదు! గోపన్నకు రామమంత్ర ముపదేశించినవాఁడు కబీరను ముసల్మాను ఫకీరని మఱియొక కథ. కబీరు పదునేనవ శతాబ్దివాఁడు కావున చరిత్రదృష్టితో ఇది పొసఁగదు. అయినను జనులు దీనిని విడువలేదు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైన పిమ్మట తానీషా కూడ దౌలతాబాదు కోటలో బందీగానే కాలము చేసెను. ఒకరినొకరు సైతానులుగా చేసికొనుటకు ఇంత సామగ్రి యుండఁగా, ఈ ప్రాంతపు కథకులు ఆ పని చేయక పోవుట సామాన్య విషయము కాదు.

ఇంత యుదారమైన కథను చెప్పుకొను ఈ యటవీప్రాంతముననే, చేతబడి చేయుచున్నారను అనుమానముతో వృద్ధులను, వితంతువులను కొట్టి చంపిన వార్తలు నేఁటికిని పత్రికలలో వచ్చుచున్నవి. బిడ్డకు జ్వరము వచ్చును, గొడ్డు చచ్చును, ఒంటరి యాఁడుదాని పేరు మెల్లగా ఊరిలో ప్రాఁకును. ఈ నేరము కోయవారిదని పట్టణవాసులు తేలికగా త్రోసివేయుదురు. అది యన్యాయము. తాయెత్తులు కట్టు ఫకీరు, ముగ్గు పోసి నిమ్మకాయ కోయు మంత్రగాఁడు, దయ్యములను వెడలఁగొట్టుదునను ప్రార్థనాపరుఁడు, వీరందఱును పట్టణములనుండియే అడవికి పోవుచున్నారు. దర్గా ముందు జుట్టు విరియఁబోసికొని ఊఁగు స్త్రీకి సైతాను పట్టినదని చెప్పు ముజావరు, సైతానునకు పిలుచుటకుమించి బలము లేదను తన గ్రంథపు మాటను ఒక్కసారి యెదుట పెట్టుకొనిన బాగుండును. ఆమెకు కావలసినది వైద్యుఁడు. పలుమాఱు పుట్టినింటి యాదరణ.

క్రైస్తవుల తెలుఁగు బైబిలులో సైతానునకు అపవాది యని పేరు పెట్టిరి. ఆ యనువాదకులను నేను మెచ్చుకొందును. అపవాదము వేయువాఁడే అపవాది. అరబ్బీలో ఇబ్లీసు పనికి వస్వసా యని పేరు. గుసగుస యని యర్థము. దీనికి మన పండితులు దుర్బోధ, దుష్ప్రేరణ యని సంస్కృతము వ్రాయుదురు. ఇంటింటను వాడుకలో నున్న చెప్పుడుమాట యను పదము ఇంతకంటె దగ్గఱగా నుండునని నా తలంపు. ఒంటరి ముసలిదాని పేరు రచ్చబండమీఁద చెవినుండి చెవికి పోవునప్పుడు, సైతాను ఆమె గుడిసెలో నున్నాఁడని చెప్పుదురు. గ్రంథమును బట్టి చూచినచో అతఁడుండవలసిన చోటు ఆ చెవులయొద్దనే గాని గుడిసెలో కాదు.

బస్రా పట్టణపు రాబియాను గూర్చి యొక కథ ప్రచారములో నున్నది. నీవు సైతానును ద్వేషింతువా యని యెవరో యడుగఁగా, ఈశ్వరప్రేమతో నిండిన నాయందు అతనిని ద్వేషించుటకు తావు లేదని చెప్పెనఁట. ఆధునికులలో ఇక్బాలు కవి 1936లో వ్రాసిన ఇబ్లీసు మంత్రాలోచనసభలో అతనిని రాజకీయములకు దింపెను. అది వేఱొక వ్యాసమునకు తగినంత విషయము.

ప్రస్తుతమున కొక్క మనవి. ఈ సూఫీ గ్రంథములను ఇఁకముందు తెనిఁగింపఁబూనువారు ఇబ్లీసును ఇబ్లీసుగాను, జిన్నును జిన్నుగాను ఉంచవలెను. పుట యడుగున చిన్న వివరణము చాలును. దయ్యమను మాటను చింతచెట్టుకే విడిచిపెట్టుదురు గాక.