మగ్గం అంటే నాడె వచ్చినట్టే

ఎమ్మిగనూరులో ఒక నేతన్న సాటివాడితో "మగ్గం నిలిచిపోయిందన్నా, నాడె సరిగా పోవడం లేదు" అన్నాడనుకోండి. ఏ నాడె అని ఎదుటివాడు అడగడు. మగ్గం అనే మాట వినగానే నాడె, పడుగు, పేక నూలు చుట్టిన కండె, కాళ్ల కింది తొక్కుడు చెక్కలు, అన్నీ అతని మనసులోకి వచ్చేసి ఉంటాయి. ముందు చెప్పిన వస్తువును ఆసరా చేసుకుని, అంతవరకూ పేరెత్తని భాగం ఎప్పటినుంచో తెలిసినదానిలా వాక్యంలోకి నడిచి వస్తుంది. వినేవాడి మనసు వేసుకునే ఈ వంతెనను అమెరికా మనోభాషాశాస్త్రవేత్త హెర్బర్ట్ క్లార్క్ 1975లో వివరించారు. ఇంగ్లీషులో ఆ భాగానికి ముందు 'ది' చేరుతుంది. తెలుగుకు అలాంటి ఉపపదం లేదు. ఉత్త నామవాచకమే ఆ పనంతా చేస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది 'ఆ' అనే చిన్న మాట. "మగ్గం నిలిచిపోయింది, ఆ నాడె పోవడం లేదు" అని చూడండి. ఇంతకుముందు ఏదో నాడె ప్రస్తావన వచ్చిందేమోనని వెనక్కి వెతుకుతాం. "ఒక నాడె" అంటే మరీ దూరం, ఆ మగ్గానికి చెందనిదేమో అనిపిస్తుంది. "దాని నాడె" తప్పేమీ కాదు. పక్కపక్కనే రెండు మగ్గాలుండి, వాటిలో ఒకదాని సంగతే చెప్పాలంటే అలా అనక తప్పదు కూడా.

ఆదోని మార్కెట్ యార్డులో రైతు "పత్తి తెచ్చినా, పింజ చూడండి" అంటే వ్యాపారి చెయ్యి నేరుగా ఆ రైతు కుప్ప మీదికే పోతుంది. అదే మాట వార్తలోకి ఎక్కేసరికి "పత్తి యొక్క పింజ" అవుతుంది. ఆ 'యొక్క' చూస్తే నాకు బాధేస్తుంది. పాఠకుడికి తెలిసిన చుట్టరికాన్ని మళ్లీ పరిచయం చేయడం అతని తెలివిని నమ్మకపోవడమే.

అయితే వంతెనకు అవతలి ఒడ్డు కూడా ఉండాలి. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఎమ్మిగనూరులో నాడె ఏమిటో చెప్పనక్కర్లేదు. మగ్గాన్ని ఎన్నడూ చూడని పాఠకుడికి మాత్రం ఆ మాట గాలిలో వేలాడుతుంది. అతనికోసం "పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పేకను మోసుకుపోయే నాడె" అని మొదటిసారి విడమరిచి రాస్తాను. తర్వాతి వాక్యం నుంచి నాడె అంటే చాలు.