విరిగిందనుకున్న అడ్డగీత

షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాలుగో అంకంలో ప్రాస్పెరో చూపించిన మాయావేడుకకి ఫెర్డినాండ్ పరవశించిపోతాడు. ఎప్పటికీ ఇక్కడే ఉండిపోతానంటాడు. ఆ చోటుని స్వర్గం చేసింది ఎవరు? తెలివైన మామగారు ఒక్కడేనా, లేక మామగారూ భార్యా ఇద్దరూనా? 1623లో అచ్చయిన ‘ఫస్ట్ ఫోలియో’లో ఆ మాట ‘వైజ్’ అయితే ఆ వాక్యంలో మిరాండా లేదు. ‘వైఫ్’ అయితే ఉంది.

ఆ కాలపు అచ్చులో పొడుగు ‘ఎస్’, ‘ఎఫ్’ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఎఫ్‌కి అడ్డగీత కాడకి రెండువైపులా వస్తుంది. ఎస్‌కి ఎడమపక్క చిన్న ముక్కు మాత్రమే. మన ప, ష లకి ఉన్నంత తేడా.

వాషింగ్టన్‌లోని ఫోల్జర్ గ్రంథాలయంలో ఫస్ట్ ఫోలియో ప్రతులు 82 ఉన్నాయి. ఒకే పుస్తకం అన్ని ప్రతులు ఎందుకు చూడాలి? అప్పట్లో ఫారం ప్రెస్సు మీద ఉండగానే తప్పులు దిద్దేవారు. కాగితం ఖరీదైనది కనక దిద్దకముందు అచ్చయిన ఫారాల్ని కూడా పారెయ్యకుండా బైండు చేసేవారు. మధ్యలో టైపు అరిగేది, విరిగేది. అందుకే ఒక ప్రతికీ ఇంకో ప్రతికీ తేడాలుంటాయి. జీన్ ఆడిసన్ రాబర్ట్స్ అక్కడి ప్రతుల్ని పోల్చి చూసి 1978లో ఒక వ్యాసం రాశారు. కొన్ని ప్రతుల్లో అడ్డగీత ఉందనీ, అచ్చు నడుస్తూండగా అది విరిగి ఎఫ్ కాస్తా ఎస్‌లా మారిందనీ ఆమె వాదన. స్త్రీవాద విమర్శకులు సంతోషించారు. 1987 ఆక్స్‌ఫర్డ్ ప్రచురణలో స్టీఫెన్ ఆర్గెల్ ‘వైఫ్’నే తీసుకున్నారు.

1996లో పీటర్ బ్లేనీ ఆ వాదనని తోసిపుచ్చారు. అడ్డగీత అనుకున్నది సిరా మరక అన్నారు. విరగడానికి అక్కడ గీతే లేదు, అది మొదట్నించీ ఎస్సే.

ఇప్పుడు మనం ఏం చెయ్యాలి? మిరాండాకి ఆ స్వర్గంలో చోటుండాలని కోరుకోవడం న్యాయమే. కానీ కోరిక సాక్ష్యం కాదు. పితృస్వామ్య పరిష్కర్తలు తమ అభిరుచినే పాఠంగా చలామణీ చేశారని నిలదీసిన మనం అదే పని చెయ్యకూడదు. అయినా ఆ గీత దక్కినా ఆమెకి వచ్చే చోటు ‘భార్య’గానే కదా!

ఇదే నాటకం మొదటి అంకంలో ఇంకో సాక్ష్యం ఉంది. దానికి భూతద్దం అక్కర్లేదు. కాలిబాన్‌ని నిలదీసే సుదీర్ఘమైన మాటల ముందు ఫోలియోలో మిరాండా పేరే అచ్చయి ఉంది. అతను తన మీద తలపెట్టిన అత్యాచారం ప్రస్తావన వచ్చాక అమ్మాయి నోరెత్తడం మర్యాద కాదని 1733లో థియోబాల్డ్ ఆ మాటల్ని తండ్రికి ఇచ్చేశాడు. అంతకుముందే డ్రైడెన్ తన అనుసరణలో అలాగే చేశాడు. తర్వాత చాలామంది పరిష్కర్తలు అదే దారి పట్టారు. అక్షరం అరగలేదు, గీత విరగలేదు. కళ్లెదుట ఉన్న ఆడపిల్ల గొంతుని చేత్తో కొట్టేశారు.

ఆ మాటలు మిరాండావే అని ఒప్పుకుంటే ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఆమె అక్కడ బాధితురాలిగానూ మాట్లాడుతోంది, యజమాని కూతురిగానూ మాట్లాడుతోంది. కాలిబాన్‌ని బానిస అంటోంది, తనే అతనికి మాటలు నేర్పానంటోంది. ఆమెకి గొంతు తిరిగి ఇవ్వడమంటే ఆ గొంతులోని అహంకారాన్ని కూడా వినడమే. నాలుగో అంకంలో సాక్ష్యం మనకి అనుకూలంగా రాలేదు. మొదటి అంకంలో అనుకూలంగా వచ్చిన సాక్ష్యం మనల్ని హాయిగా కూర్చోనివ్వదు. స్త్రీవాద పఠనం రెండింటికీ సిద్ధపడాలి.