హోసూరు సీమలో తెలుగు వోటు: ఒక విమర్శ

ఎన్నికలు వచ్చినప్పుడెల్ల హోసూరు సీమనుగూర్చి ఒక మాట వినవచ్చుచుండును: ఇచట తెలుగువారి వోట్లన్నియు ఒక్క మూటగా పడుననియు, ఆ మూట ఎవరికి దక్కునో గెలుపు వారిదే యనియు. ఈ మాటను అభ్యర్థులు నమ్ముదురు. మనవారును గర్వముతో చెప్పుకొందురు. అది ఎంతవరకు నిజమో పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

1956లో భాషారాష్ట్రములు ఏర్పడినప్పుడు గాని, 1960లో ఆంధ్ర, మద్రాసు రాష్ట్రముల సరిహద్దు సవరింపబడినప్పుడు గాని ఈ సీమ రాష్ట్రము మారలేదు. సేలము జిల్లానుండి 1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో కృష్ణగిరి జిల్లాకును చేరినది. తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ ఒకే అంగడి వీథిలో వినవచ్చు చోటు ఇది.

హోసూరు శాసనసభా స్థానపు చరిత్రలో రెండు సంవత్సరములు గమనింపదగినవి. 1996లో రాష్ట్రమంతటను ద్రావిడ మున్నేట్ర కళగము, తమిళ మానిల కాంగ్రెసు కూటమి గాలి వీచినది. ఆ గాలిలో జనతాదళమునకు తమిళనాట దక్కిన ఒకే ఒక స్థానము హోసూరు. 2011లో గాలి అన్నా ద్రావిడ మున్నేట్ర కళగమువైపు తిరిగినది. అప్పుడు కాంగ్రెసు గెలిచినవి అయిదే స్థానములు. వానిలో హోసూరు ఒకటి. అచట కె. గోపీనాథ్ 2001లో ఒక కూటమి పక్షమునను, 2006, 2011లలో దాని ప్రత్యర్థి కూటమి పక్షమునను నిలిచి మూడుమార్లును గెలిచిరి. దీనినిబట్టి ఈ సీమవారు చిరకాలము అఖిల భారత పక్షములవైపు మొగ్గిరని చెప్పవచ్చును. ద్రావిడ పక్షముల రాజకీయమునకు తమిళభాషయే ఊపిరి గనుక, అల్పసంఖ్యాక భాషలవారు వేఱొక నీడను వెదకుకొనుట సహజము.

ఐనను మొగ్గు వేఱు, మూట వేఱు. 2016లో అన్నా ద్రావిడ మున్నేట్ర కళగమువారైన పి. బాలకృష్ణారెడ్డి గెలిచి మంత్రియు నైరి. ఆయన పదవి కోల్పోగా 2019లో జరిగిన ఉపయెన్నికలో ఆయన సతీమణి జ్యోతి ఓడిరి. ద్రావిడ మున్నేట్ర కళగ అభ్యర్థి ఎస్. ఎ. సత్య గెలిచిరి. 2021లో మరల ఆ కళగమే నెగ్గినది. వోట్లు నిజముగా మూటయే యైనచో మూడేండ్లలో ఆ ముడి ఎట్లు వీడెను? పొరుగున తళి స్థానము 2021లో కమ్యూనిస్టు పార్టీకి దక్కినది. తెలుగువాడును పంటధర, నీరు, కూలి, కులము చూచియే వోటు వేయుచున్నాడు. భాషనుబట్టి మాత్రమే కాదు.

ఇక వోటింగు శాతము. 2024 లోకసభ ఎన్నికలలో కృష్ణగిరి స్థానమున నూటికి సుమారు 71 మంది వోటువేసిరి. పొరుగున ధర్మపురిలో 81 మంది. వారము తరువాత బెంగుళూరు నగరపు మూడు స్థానములలో ఇంచుమించు 54 మంది. హోసూరు ఈ రెంటి నడుమ నున్నది. పల్లెలో వోటరు పొరుగువానికి ఎఱుక. పోకున్న అడుగువా రుందురు. 1970ల తరువాత పెరిగిన పారిశ్రామికవాడలో అద్దెయిండ్ల కార్మికునికి అట్టి పొరుగు లేదు. అతని పేరు తఱచు స్వగ్రామపు జాబితాలోనే యుండును. ఇల్లు మారినవారి పేర్లు పాత జాబితాలో నిలిచిపోయినచో, ఉన్నవారందఱు వోటువేసినను శాతము తగ్గియే కనబడును. కావున తక్కువ శాతము చూచి ప్రజలకు శ్రద్ధ లేదనుట తొందరపాటు.

ఐనను ఒక్కొక్క వోటునకు విలువ కలదు. 2021లో కృష్ణగిరి శాసనసభా స్థానమున గెలుపోటముల అంతరము 794 వోట్లు. అది ఒక ఉన్నత పాఠశాల పిల్లల సంఖ్యకు మించదు.

పాఠశాల మాట వచ్చినది గనుక అసలు విషయము చెప్పెదను. 2006 నాటి చట్టము తమిళమును ఒకటవ తరగతినుండి క్రమముగా నిర్బంధ ప్రథమభాషగా చేసినది. 2016 నాటికి అది పదవ తరగతికి చేరినది. ఈ నేలమీద బ్రతుకు పిల్లలు తమిళము నేర్వవలదని నేననను, నేర్వవలెను. కాని తల్లిభాష ఐచ్ఛికపు మూలకు తొలగినది. మినహాయింపునకై న్యాయస్థానముల గడప ఎక్కవలసి వచ్చినది. ఆ చట్టము చేసినది ద్రావిడ మున్నేట్ర కళగ ప్రభుత్వము. దానికి మద్దతిచ్చినది కాంగ్రెసు. 2011 నుండి పదేండ్లు పాలించియు దానిని నిలిపి యుంచినది అన్నా ద్రావిడ మున్నేట్ర కళగము. మన వోట్లు ఈ మూడు పక్షములకును పడినవే.

2024 జూన్‌లో కృష్ణగిరి సభ్యులు గోపీనాథ్ లోకసభలో తెలుగున ప్రమాణము చేసిరి. విని నేనును పొంగితిని. మఱునాడు తరగతిలో చెప్పగా ఒక బాలిక అడిగినది: "అయ్యా, అయితే మన తెలుగు మార్కులు ఇక కలుపుతారా?" నాయొద్ద సమాధానము లేకపోయినది.

మూట యున్నదన్న భ్రమ మనకు చేసిన కీడు ఇదియే. అడుగకయే వోటు వచ్చునని పక్షములు, అడుగకయే మేలు కలుగునని మనము అనుకొంటిమి. వోటు ఎవరికి వేయవలెనో చెప్పుట నా పని కాదు. వోటడుగ వచ్చినవారిని, వారు ఏ పక్షమువారైనను, ఆ బాలిక ప్రశ్ననే అడుగుడని మాత్రము పెద్దలకు మనవి.