ఫొటో వెనక్కి తిప్పి చూడండి

స్పెయిన్, ఆ తర్వాత అమెరికా వలసపాలన నాటి ఫిలిప్పీన్స్ ఫొటో చేతికొస్తే, ఈ పనిలో ఆరితేరినవాళ్లు ముందు మొహాలు చూడరు. మొహం చూడగానే ఏదో పేరు తోస్తుంది, తోచిన పేరు ఒక పట్టాన వదలదు. అందుకని ముందు కాగితం, అట్ట, స్టూడియో ముద్ర, వెనుక రాత చదువుతారు. గుడ్డు తెల్లసొన పూసిన కాగితమైతే పందొమ్మిదో శతాబ్దపు ముద్రణ అయ్యుంటుంది. అమెరికా పోస్టుకార్డయితే ఇంకాస్త తేలిక. 1907 మార్చికి ముందు దాని వెనుక వైపంతా చిరునామాకే పోయేది. ఆ తర్వాతే మధ్యలో గీత వచ్చి, ఎడమ సగం ఉత్తరానికి దక్కింది.

అచ్చు వేసిన నాడే ఫొటో తీశారనుకుంటే మాత్రం మోసపోతాం. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసే రిజాల్‌ను స్పానిష్ ప్రభుత్వం 1896 డిసెంబర్ 30న కాల్చి చంపింది. ఆ తర్వాత ఆయన పాత ఫొటోలను ఎన్నోసార్లు మళ్లీ అచ్చు వేశారు. అట్ట కొత్తది, మనిషి అప్పటికే లేడు.

తేదీ కట్టడమంటే రెండు గట్లు వేసుకుని, వాటిని ఒకదానికొకటి దగ్గరకు జరుపుతూ పోవడం. ఇంతకు ముందుది కాదు అన్నది ఒక గట్టు, ఇంతకు తర్వాతది కాదు అన్నది రెండోది. మనీలా వీధుల ఫొటోల్లో ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. 1880 భూకంపంలో కేథడ్రల్ గంట గోపురం కూలింది. 1958 దాకా ఆ చర్చి గోపురం లేకుండానే ఉంది. కాబట్టి వలసకాలపు ఫొటోలో ఆ గంట గోపురం కనిపిస్తే అది 1880 నాటికే తీసింది. కరెంటు ట్రాము తిరుగుతుంటే 1905 తర్వాతది. లునెటా మైదానంలో రిజాల్ స్మారకం కనిపిస్తే 1913 తర్వాతది. అమెరికా జెండా ఎగురుతుంటే నక్షత్రాలు లెక్కపెట్టాలి. 1908 జులై దాకా 45, అక్కడినుంచి 46, 1912 జులై నుంచి 48. ఇందులో ఒక మెలిక ఉంది. కొత్త జెండా వచ్చినంత మాత్రాన పాతది ఎవరూ పారేయరు. అందుకే నక్షత్రాలు మొదటి గట్టునే గట్టిగా వేస్తాయి, రెండోదానికి మరో ఆధారం వెతకాలి.

మనుషుల ప్రయాణాలు కూడా తేదీ చెబుతాయి, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే నమ్మదగిన దారి. రిజాల్, ఆయన ఉద్యమ సహచరులు మార్సెలో డెల్ పిలార్, మరియానో పోన్సే మాడ్రిడ్‌లో కలిసి దిగిన ఫొటో ఫిలిప్పీన్స్‌లో ఎరగనివారుండరు. డెల్ పిలార్ స్పెయిన్ చేరింది 1889 జనవరిలో. ఆ ఏడాది రిజాల్ లండన్‌లో, పారిస్‌లో ఉన్నారు. 1890 మొదట్లో బ్రస్సెల్స్ వెళ్లారు, ఆగస్టు ప్రాంతంలో మాడ్రిడ్ చేరారు, 1891 జనవరి చివర్లో ఆ ఊరు వదిలారు. ఫొటో మీద తేదీ లేకపోయినా ఈ ప్రయాణాల లెక్క దాన్ని ఆరు నెలల్లోకి తెస్తుంది. మరణాలూ అంతే. ఫిలిప్పీన్స్ సైన్యపు జనరల్ అంతోనియో లూనా ఉన్న ఫొటో ఏదైనా 1899 జూన్ 5కు ముందుదే, ఆ రోజే ఆయన్ని చంపారు.

ఇప్పుడు మొహాల దగ్గరకు రావచ్చు. మీసం మారుతుంది, జుట్టు పల్చబడుతుంది, ఒళ్లు వస్తుంది. చెవి తీరు మాత్రం పెద్దగా మారదు. అందుకే పేరు తెలిసిన ఫొటో పక్కన పెట్టి చెవి మడతలు పోలుస్తారు. అంతకంటే ముందు ఫొటో కుడి ఎడమలు తారుమారు కాలేదని చూసుకోవాలి. అమెరికా సైనికుడి క్రాగ్ రైఫిల్‌కు తూటాల పెట్టె కుడివైపు ఉంటుంది. అది ఎడమవైపు కనిపిస్తే నెగెటివ్‌ను తిరగేసి అచ్చు వేశారన్నమాట.

ఊరి పేరునూ ఊరికే నమ్మకూడదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రదర్శనకు వెయ్యిమందికి పైగా ఫిలిప్పీన్స్ వాసులను తీసుకెళ్లి, కట్టించిన పల్లెల్లో ఉంచి జనానికి చూపించారు. కొండజాతివారైన ఇగొరోట్ల ఫొటోల్లో కొన్ని వాళ్ల లూజాన్ కొండల్లో కాక ఆ ప్రదర్శన మైదానంలో తీసినవి.

ఇంత శ్రమ దేనికంటే, ఆ ఫొటోలకు పేర్లు రాసినవాళ్లు అందరికీ ఒకేలా రాయలేదు. అధికారికి పేరు, హోదా ఉంటాయి. పక్కనున్న రైతుకు, కూలికి, కొండజాతి స్త్రీకి తెగ పేరే ఉంటుంది. 1906 మార్చిలో హోలో ద్వీపంలోని బుద్ దాహో కొండ మీద అమెరికా సైన్యం మోరోలనే స్థానిక ముస్లింలను వందలమందిని చంపింది, చనిపోయినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. శవాలు నిండిన కందకం అంచున సైనికులు నిలబడి ఫొటో దిగారు. యుద్ధమంటే ఏమిటో విద్యార్థులకు తెలియాలని అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ దాన్ని తన తరగతి గదిలో తగిలించాలనుకున్నారు. ఆ కందకంలో ఉన్నవాళ్ల పేర్లు ఫొటో మీద లేవు. పాలకుల కెమెరా ముందు నిలబెట్టిన మనిషికి తేదీ, ఊరు, వీలైతే పేరు తిరిగి ఇవ్వడం చరిత్రకారుడి మొదటి బాధ్యత. ఆధారం లేకుండా పేరు అంటగట్టడం ఆ మనిషికి రెండోసారి చేసే అన్యాయం.

పాత ఫొటోలు స్కాన్ చేసేవారికి, పుస్తకాల్లో వేసేవారికి ఒక మనవి. ముందువైపుతో పాటు వెనుకవైపూ స్కాన్ చేయండి. అంచులు కత్తిరించకండి, అట్ట మీది ముద్ర చెరపకండి. మీకు అక్కర్లేదనిపించిన ఆ గీతే రేపు ఇంకొకరికి ఆధారం కావచ్చు.