పునాది కింద వల

మట్టి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. లాగితే మాత్రం విడిపోతుంది. పల్లెల్లో గోడమట్టిలో వరిగడ్డి కలిపి తొక్కేది ఇందుకే. బాగ్దాద్ దగ్గరి అకర్ కూఫ్ జిగ్గురాత్‌లో మూడు వేల ఏళ్లకు ముందే ఇటుక వరుసల మధ్య రెల్లు చాపలు పరిచారు. 1960లలో ఫ్రెంచి ఇంజినీరు ఆన్రీ విదాల్ ఈ ఉపాయాన్ని లెక్కలకు ఎక్కించి నిలుపుడు గోడలు కట్టించాడు.

పునాదుల వంతు 1975లో వచ్చింది. బింకే, లీ అనే ఇద్దరు ఇసుకలో అల్యూమినియం రేకు పట్టీలు పరిచి, పైన చిన్న నమూనా పునాదిని నొక్కి చూశారు. మొదటి పట్టీ పునాది వెడల్పులో మూడింట రెండు వంతులకు మించి లోతుకు పోతే, దాని పైనున్న ఇసుకే పక్కకు జారిపోయింది. అలాంటప్పుడు కింద ఎన్ని వరసలున్నా దండగే! పట్టీలు పొట్టివైతే ఊడివచ్చాయి. పొడవుగా, ఎక్కువ వరసల్లో ఉంటే పై పట్టీలు తెగాయి.

ఇప్పుడు రేకు పోయి జియోగ్రిడ్ అనే ప్లాస్టిక్ వల వచ్చింది. ఇసుక తొట్టిలో నొక్కి చూసే పనిలో చాలావరకు కంప్యూటర్ చేస్తోంది. పునాది నడిగీతకు రెండు వైపులా ఒకటే కనుక సగమే గీస్తారు. మీటరు వెడల్పు పునాదికి పక్కలకూ కిందికీ ఐదారు మీటర్ల మట్టి కావాలి. ఆ మట్టి హద్దును పునాది దగ్గరకు లాగితే అది గోడలా అడ్డం నిలిచి, పునాదికి లేని బలం అంటగడుతుంది. మట్టిని ఎలిమెంట్లనే చిన్న త్రికోణాలుగా విడగొట్టి (ఈ అల్లికే మెష్), పునాది అంచు దగ్గర వాటిని మరీ చిన్నవి చేస్తారు. జియోగ్రిడ్ లాగుడును మాత్రమే మోసే పలుచని గీత. అది మట్టిలో జారే తీరుకు వేరే ఎలిమెంట్లుంటాయి. అసలు పేచీ అక్కడే: మట్టి రాపిడిలో ఎంత వంతు గ్రిడ్‌కు అందుతుందో చెప్పే ఆ ఒక్క అంకెను పరీక్షించకుండా 1 అని రాసేస్తే, తెర మీద రంగుల బొమ్మ ముచ్చటగానే వస్తుంది, నమ్మడానికి మాత్రం పనికిరాదు.

తెలిసిన ఇంజినీరు గ్రిడ్ లేకుండానే మొదలుపెడతాడు. నీరు బయటికి పోయే వ్యవధి లేని మెత్తని బంకమట్టి మీద, నేల మట్టానే ఉన్న పొడవాటి పునాదికి గరిష్ఠ ఒత్తిడి ఆ మట్టి కోత బలానికి 5.14 రెట్లు. బలం 20 కిలోపాస్కల్స్ అయితే జవాబు 103 దాపున రావాలి. మోడల్ 130 చూపిస్తే ముందు మెష్‌ను సరిచేయాలి.

గ్రిడ్ సాగితేగాని పనిచేయదు, పునాది కుంగితేగాని గ్రిడ్ సాగదు. కనుక తొలి కొద్ది మిల్లీమీటర్లలో లాభం అంతంతే, పెద్ద కుంగుదల దగ్గర బాగా కనిపిస్తుంది. గరిష్ఠ బరువు ఒక్కటే చూపించి సంబరపడే నివేదికలు ఈ సంగతి దాటవేస్తాయి. మరో తిరకాసు: అరచేతి వెడల్పు నమూనా కింద సైటులో వాడే గ్రిడ్డే పెడితే లాభం ఎక్కువ చేసి కనబడుతుంది. అందుకే ఆడమ్స్, కోలిన్ 1997లో ప్రచురించిన 34 పరీక్షలకు విలువ ఎక్కువ. అందులోని పునాదులు 0.91 మీటరు వెడల్పు దాకా ఉన్నాయి.

మన నల్లరేగడికి మాత్రం ఈ లెక్క చాలదు. ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బే గుణం మట్టి బలానికి మామూలుగా వాడే మోర్-కూలంబ్ నమూనాలో లేదు. ఉబ్బుడు, తేమ మార్పు విడిగా లెక్కించకపోతే, బరువుకు నిలుస్తుందన్న పునాదే వానాకాలంలో పైకి లేస్తుంది.