బనీ ఇస్రాయీల్ భూవిభజన: మన పఠనంలో ఒక లోపం

ఇస్లామీయ వారసత్వ న్యాయం ప్రసక్తి వచ్చినప్పుడు మన వ్యాసాలలో, ప్రసంగాలలో ఒక వాదం తరచుగా వినిపిస్తుంది. యూదుల ధర్మశాస్త్రంలో కొడుకు ఉంటే కూతురికి భూమి లేదు. దివ్య ఖుర్ఆన్ కొడుకు ఉన్నప్పటికీ కూతురికి వాటా నిర్ణయించింది. కనుక మన ధర్మం శ్రేష్ఠమైనది. ఇందులోని మొదటి రెండు మాటలు యథార్థమే. కాని బైబిల్ పాత నిబంధనలోని భూవిభజన ప్రకరణాలను ఓపికతో చదివినవారికి ఈ పోలిక అసంపూర్ణమని, దీనివల్ల మనకు ఆత్మపరిశీలనకు బదులు ఆత్మతృప్తి మాత్రమే మిగులుతున్నదని తోచకమానదు. ఆ లోపాన్ని చూపడమే ఈ వ్యాసోద్దేశం.

సంఖ్యాకాండము 26వ అధ్యాయం ప్రకారం భూమిని జనసంఖ్యను బట్టి పంచాలి. ఎవరికి ఏ ప్రాంతమన్నది చీట్లు వేసి తేల్చాలి. లేవీ వంశీయులకు భూమి లేదు, నివాసానికి 48 పట్టణాలు మాత్రం ఉన్నాయి. యూసుఫ్ (అలై) సంతతి మనష్షే, ఎఫ్రాయిము అనే రెండు శాఖలుగా లెక్కకు రావడం వల్ల పన్నెండు వాటాలు నిండాయి. హజ్రత్ యూషా బిన్ నూన్ కాలంలో ఇంకా ఏడు తెగలకు భూమి అందనప్పుడు, తెగకు ముగ్గురు చొప్పున మనుషులు వెళ్ళి, దేశమంతా తిరిగి, దానిని ఏడు భాగాలుగా గ్రంథస్థం చేసి తెచ్చారని, ఆ తరువాత షిలోహులో చీట్లు వేశారని యెహోషువ గ్రంథం 18వ అధ్యాయం చెబుతున్నది. 13 నుండి 19 వరకు గల అధ్యాయాలలో అధికభాగం సరిహద్దుల వివరాలే. సాధారణ పాఠకునికి ఇవి విసుగు పుట్టిస్తాయి. కాని రిజిస్ట్రేషన్ దస్తావేజులో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు చదివించుకుని విన్న మన రైతుకు ఇవి అపరిచితం కావు. దివ్య ఖుర్ఆన్ ఈ భూవిభజనను వర్ణించలేదు. పన్నెండు ఊటలు వెలువడిన సందర్భంలో ప్రతి తెగకూ తన నీటి తావు తెలిసిపోయిందని మాత్రం (2:60, 7:160) చెప్పింది. చెరువు కింద నీటి వంతు కోసం తగాదాలు చూసినవారికి ఆ ఒక్కమాటలోని విలువ బోధపడుతుంది.

ఇక్కడ అనువాదానికి సంబంధించిన ఒక విషయం చెప్పాలి. తెలుగు బైబిల్ ‘సిబ్త్’ను, అంటే తెగను, ‘గోత్రము’ అన్నది. మన తెలుగునాట గోత్రం అనగానే స్ఫురించేది సగోత్ర వివాహ నిషేధం. అయితే సంఖ్యాకాండము 36వ అధ్యాయంలోని ఆజ్ఞ దీనికి సరిగ్గా విరుద్ధమైనది: భూమి పొందిన కుమార్తెలు తమ తండ్రి తెగలోనే వివాహం చేసుకోవాలి. ‘గోత్రము’ అన్న మాటతో చదివే తెలుగువానికి ఈ ఆజ్ఞ చిక్కుముడిగా కనిపిస్తుంది. ‘తెగ’ అని చదివితే దాని ఉద్దేశం తేటపడుతుంది. పెళ్ళితో పాటు భూమి కూడా పరాయివారి పాలవుతుందన్న భయమే ఆ ఆజ్ఞకు మూలం. ఈ భయం మనకు పరాయిది కాదు.

ఇక ఆ కుమార్తెల ఉదంతం. సెలోపెహాదు అనే వ్యక్తి కొడుకులు లేకుండా మరణించాడు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే అతని అయిదుగురు కుమార్తెలు హజ్రత్ మూసా (అలై) ఎదుట, యాజకుని ఎదుట, పెద్దలందరి ఎదుట నిలబడి తమ తండ్రి భాగం అడిగారు. మూసా (అలై) వెంటనే తీర్పు చెప్పలేదు. విషయాన్ని అల్లాహ్ సన్నిధిలో ఉంచారు. తీర్పు కుమార్తెల పక్షాన వచ్చింది. తరువాత వారు యూషా బిన్ నూన్ వద్దకు వెళ్ళి ఆ మాట గుర్తు చేసి మరీ భూమి తీసుకున్నారు.

మన హదీసు గ్రంథాలలో దీనికి అతి సన్నిహితమైన ఉదంతం ఉన్నది. అబూదావూద్, తిర్మిజీలు హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా దీనిని ఉల్లేఖించారు. ఉహుద్ యుద్ధంలో అమరులైన సఅద్ బిన్ రబీ (రజి) భార్య తన ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, వారి పినతండ్రి ఆస్తి అంతా తీసుకున్నాడని మొరపెట్టుకున్నారు. ప్రవక్త (స) కూడా వెంటనే తీర్పు చెప్పలేదు. అల్లాహ్ తీర్పు చేస్తాడన్నారు. అప్పుడు వారసత్వ ఆయత్ అవతరించింది. కుమార్తెలకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది నీవు తీసుకోమని పినతండ్రికి ఆదేశం వెళ్ళింది. 24 ఎకరాలు అనుకుంటే కుమార్తెలకు 16, తల్లికి 3, పినతండ్రికి 5.

న్యాయంగా పోల్చేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. కొడుకు లేని ఇంట తౌరాత్ కుమార్తెలకు మొత్తం ఇచ్చింది. ఖుర్ఆన్ రెండు వంతులు ఇచ్చింది. సంఖ్యాకాండపు వారసుల క్రమంలో భార్య లేదు. ఖుర్ఆన్ ఆమెకు చోటిచ్చింది. కొడుకు ఉన్న ఇంట ఖుర్ఆన్ కూతురిని వారసురాలిని చేసింది. పైగా ఆమె ఎక్కడ పెళ్ళి చేసుకున్నా వాటా ఆమెదే. కనుక ‘ఎవరు ఎక్కువ ఇచ్చారు’ అన్న తూకం మనలను ఎక్కడికీ చేర్చదు. అడగవలసిన ప్రశ్న వేరు: ఆ కుమార్తెలకు భూమి ముట్టింది, మన కుమార్తెలకు ముట్టిందా?

సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్ పేరు చెప్పగానే చరిత్రాభిమానులకు శాతవాహనుల నాటి దిబ్బలు గుర్తుకు వస్తాయి. పటాన్‌చెరు కర్మాగారాల దరిదాపున ఉన్నందున నేడు అక్కడివారి నోట ముందుగా వచ్చే మాట ఎకరం ధర. ఆ మండలంలోని ఒక కుటుంబం పాత ఉర్దూ సేత్వార్, ఖాస్రా పహాణీ నకళ్ళు చదివి తెలుగులో చెప్పమని నన్ను పిలిపించింది. నలుగురు అన్నదమ్ములు విరాసత్ దరఖాస్తు రాయించుకుంటున్నారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళ పేర్లు అందులో లేవు. కారణం అడిగితే పెద్దాయన, “ఆపా, చెల్లె ఇద్దరూ మాఫ్ చేసిన్రు మౌల్వీసాబ్. పెండ్లిళ్ళకు పెట్టినం గదా” అన్నాడు. గడప దగ్గర చాయ్ పట్టుకుని నిలబడిన చెల్లెలు ఏమీ అనలేదు. ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

హనఫీ ఫిఖ్హ్‌లో వారసత్వం వారసుని ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా సంక్రమిస్తుంది. ‘నా హక్కు వదులుకున్నాను’ అన్న నోటిమాటతో అది రద్దు కాదు. ప్రతిఫలం పుచ్చుకుని వాటా నుండి తప్పుకునే పద్ధతి ఉన్నది, దానికి తఖారుజ్ అని పేరు. పెళ్ళి ఖర్చు అది కానేరదు. ఈ విషయం మదరసాలో చదివినవారందరికీ తెలుసు. తెలిసీ మౌనం వహిస్తున్నాం.

ఈ మౌనానికి మన అనువాద భాష కూడా కొంత కారణమని నా అభిప్రాయం. మనం కూతురి వాటాను ‘హక్కు’ అని రాస్తాం. హక్కు అన్నప్పుడు దానిని వదులుకునే స్వేచ్ఛ కూడా స్ఫురిస్తుంది. అక్కడే ‘మాఫ్’ అన్న మాటకు దారి దొరుకుతుంది. సూరా నిసాలోని పదం అది మాత్రమే కాదు. 7వ ఆయత్ దానిని విధింపబడిన భాగమన్నది. 11వ ఆయత్ అల్లాహ్ తరఫు నుండి ‘ఫరీజా’ అన్నది. నమాజు ఫర్జ్ అన్నప్పుడు ఏ ధాతువు ఉన్నదో ఇక్కడా అదే ఉన్నది. ఆయత్ ఆరంభంలోని ఆదేశం పంచవలసినవారిని సంబోధించినది. అంటే అడగడం కూతురి విధి కాదు, ఇవ్వడం అన్నదమ్ముల విధి. 13, 14 ఆయత్‌లు ఈ నియమాలను ‘హుదూదుల్లాహ్’ అని పేర్కొని, వాటిని అతిక్రమించినవారికి నరకాగ్ని హెచ్చరిక చేశాయి. మన ‘హద్దు’ అరబీ ‘హద్ద్’ నుండి వచ్చినదే. హుదూద్ దాని బహువచనం. పొలం గట్టు జానెడు జరిగితే సర్వేయరును పిలిపించే మనం అల్లాహ్ పెట్టిన హద్దురాయిని పీకివేసి దానికి మాఫీ అని పేరు పెడుతున్నాం.

1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశ్‌లో, 2005లో దేశమంతటా హిందూ కుటుంబాల కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో జన్మతః భాగం కల్పిస్తూ చట్టాలు సవరించబడ్డాయి. పద్నాలుగు శతాబ్దాలుగా ఆయత్ ఉన్న మనం ఆ సవరణలు చూసి గర్వపడవలసినదీ లేదు, చిన్నబుచ్చుకోవలసినదీ లేదు. సిగ్గుపడవలసినది మాత్రం ఉన్నది.

సెలోపెహాదు కుమార్తెల కథను ఇకపై వేదికల మీద చెప్పేవారు పోలికతో ఆగకుండా ఒక అడుగు ముందుకు వేయాలి. విరాసత్ దరఖాస్తు రాసే ఇంట్లో ముందుగా ఆడబిడ్డల పేర్లు అడగాలి. ఆ తరువాతనే పాత కాగితాలు విప్పాలి. కొండాపూర్‌లో ఆ రోజు నేను చేయని పని ఇదే.